సేవాసంస్థలో ఉద్యోగము

ప్రశ్న: ఎం.ఎస్.డబ్ల్యు. ముగించితిని. ఒక స్వచ్ఛంద సేవాసంస్థ క్షేత్రకార్యకర్తగా చేరుమనుచున్నది. జీతము స్వల్పము. అచ్చటి పని యెట్లుండును?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పగలు ఇల్లిల్లు తిరిగి, ఆధార్‌లో పేరొకటి, రేషను కార్డులో వేరొకటి యైనందున పింఛను నిలిచిపోయిన వితంతువుతో కూడ మీసేవకును మండల కార్యాలయమునకును నడచి, సాయంకాలము పొదుపు సంఘపు సమావేశమున గూర్చుండి, రాత్రి ఫోటోలతో నివేదిక పంపుట మీ దినచర్య కాగలదు. మరుసటిసారి ఆమె తానే వెళ్లి యడుగగలుగునట్లు చేయుట యీ వృత్తిలోని పరమగౌరవమని నా దృఢవిశ్వాసము. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయిగారు స్త్రీలను పరీక్షలకు చదివించుటయందు అంత శ్రద్ధ వహించుటయు నిందులకే.

ఇక జీతము. అది సాధారణముగా దాత యిచ్చిన గ్రాంటుపై నాధారపడునది గావున, గడువు తీరిన పిదప నేమగునో చేరుటకు పూర్వమే యడుగుడు, సంకోచింపకుడు. విదేశీ విరాళములలో పరిపాలనా వ్యయపు పరిమితిని నూటికి 50 నుండి 20కి తగ్గించుచు 2020లో చట్టము సవరింపబడినందున, కార్యాలయపు లెక్కలవారిని నిలుపుకొనుట అట్టి సంస్థలకు కష్టతరమైనది. ఆ భారము కొంత మీపై బడుట సహజము. నియామకపత్రము వ్రాతమూలకముగా గోరుడు. సిబ్బంది 20 మందియో, అంతకు మించియో యున్నచో భవిష్యనిధి చందా కట్టుచున్నారా యనియు విచారింపుడు. సేవ పేరిట దానిని ఎగవేయుట నేనెన్నటికిని సమ్మతింపజాలను.