బయానా కాగితం, కాల్ ఆప్షన్

మా హాస్టల్లో ఈ మధ్య ఒక మాట బాగా వినిపిస్తోంది: "ఈథర్ ఊరికే పడుందా? దాని మీద కాల్ అమ్ము, వారం వారం వడ్డీ వస్తుంది." మా రూమ్‌మేట్ కూడా ఇంటర్న్‌షిప్ డబ్బుతో కొన్న ఈథర్‌ని అలా పెడదామనుకున్నాడు. "ఇందులో పోయేదేముందిరా?" అని నన్నడిగాడు. నాకు అప్పటికి సమాధానం తెలీదు. రెండు వారాలు కూర్చుని చదివాక తెలిసింది ఏంటంటే, అది వడ్డీ కాదు. ఎందుకు కాదో మీకూ చెబుదామని రాస్తున్నాను.

ముందు ఒక ఎకరం సంగతి

నేను పుట్టకముందు, అత్త పెళ్లికి డబ్బు అవసరమై మా తాతయ్య ఒక ఎకరానికి అమ్మకం అగ్రిమెంట్ రాశారు. ధర 4 లక్షలు, బయానా 40 వేలు, గడువు 6 నెలలు. గడువులోగా కొనకపోతే బయానా పోయినట్టే. 4 నెలలు తిరిగేసరికి ఊరి పక్కన రోడ్డు పడుతుందన్నారు, అదే ఎకరం 6 లక్షలైంది. బయానా ఇచ్చినాయన రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోకుండా ఆ అగ్రిమెంట్‌నే ఇంకొకరికి లాభానికి అమ్మేశాడు. తాతయ్యకి మాత్రం 4 లక్షలే. "బయానా రెట్టింపు తిరిగిచ్చి మాట మార్చెయ్" అని ఊళ్లో వాళ్లు చెప్పినా ఆయన వినలేదు.

కాల్ ఆప్షన్ దాదాపు ఇదే. ఫలానా వస్తువుని ఫలానా ధరకి, ఫలానా తేదీన కొనుక్కునే హక్కు అది. కొని తీరాలన్న బాధ్యత లేదు. ఆ ధరని స్ట్రైక్ అంటారు, తేదీని ఎక్స్‌పైరీ అంటారు, హక్కు కోసం ఇచ్చే డబ్బు ప్రీమియం. తేడా ఒకటుంది. బయానా చివరికి ధరలో కలుస్తుంది, ప్రీమియం కలవదు. అది అమ్మినవాడిదే.

మాట తప్పకుండా చూసేదెవరు?

తాతయ్య మాట మీద నిలబడ్డారు సరే. ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాడు నిలబడతాడా? షేర్ మార్కెట్లో ఆ పూచీ క్లియరింగ్ కార్పొరేషన్‌ది. డీసెంట్రలైజ్డ్ ప్లాట్‌ఫామ్‌లో ఆ పని ఒక స్మార్ట్ కాంట్రాక్ట్ చేస్తుంది, అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే కోడ్.

ఓపిన్ అనే ప్లాట్‌ఫామ్ 2020 చివర్లో తెచ్చిన రెండో వెర్షన్ పద్ధతి చూద్దాం. ఈథర్ ధర 2,000 డాలర్లు అనుకోండి. నేను 2,200 స్ట్రైక్‌తో నెల రోజుల కాల్ అమ్మాలి.

మొదట నా 1 ఈథర్‌ని కాంట్రాక్ట్‌లోని వాల్ట్‌లో పెడతాను. దానికి తాళం పడుతుంది. బదులుగా కాంట్రాక్ట్ నాకు 1 ఆప్షన్ టోకెన్ ముద్రించి ఇస్తుంది. మన బయానా కాగితం అదే. దాన్ని ఎక్స్ఛేంజ్‌లో 60 డాలర్లకి అమ్మాను. ఆ 60 నా ప్రీమియం.

ఇక హక్కు టోకెన్ ఎవరి దగ్గరుంటే వాళ్లది. ఎక్స్‌పైరీ దాకా ఉంచుకోవచ్చు, మధ్యలోనే ఇంకొకరికి అమ్మేయొచ్చు. నేను మనసు మార్చుకుంటే అదే రకం టోకెన్ మార్కెట్లో కొని, కాంట్రాక్ట్‌కి తిరిగిచ్చి, నా ఈథర్ విడిపించుకోవచ్చు. కానీ అప్పటికి ధర పెరిగుంటే టోకెన్ 60కి దొరకదు.

ఎక్స్‌పైరీ రోజున బయటి మార్కెట్ ధరని ఒరాకిల్ అనే ఏర్పాటు కాంట్రాక్ట్‌కి చేరవేస్తుంది. కోడ్‌కి కళ్లు లేవు, ధర ఎవరో ఒకరు చెప్పాలి. ఆ తర్వాత లెక్క ఇలా తేలుతుంది.

ధర 1,900 అయితే: కొన్నవాడికి ఏమీ రాదు, 60 పోయాయి. నా ఈథర్ నాకొస్తుంది. కానీ దాని విలువ 100 తగ్గింది, ప్రీమియం 60 వచ్చింది. అంటే నాకు 40 నష్టం.

ధర 2,500 అయితే: కొన్నవాడికి 300 డాలర్ల విలువ రావాలి. కాంట్రాక్ట్ నా వాల్ట్ నుంచి 0.12 ఈథర్ తీసి ఇస్తుంది. ప్రీమియం పోను అతని లాభం 240. నాకు మిగిలిన 0.88 ఈథర్ విలువ సరిగ్గా 2,200. ప్రీమియంతో 2,260.

ఒకవేళ ధర 22,000 అయితే? అతనికి 0.9 ఈథర్, నాకు 0.1. దాని విలువ మళ్లీ అదే 2,200!

నాకు బాగా నచ్చిన లెక్క ఇదే. చెల్లించాల్సింది ఈథర్‌లోనే కాబట్టి, ధర ఎంత పెరిగినా అది 1 ఈథర్‌ని ఎప్పటికీ దాటదు. అందుకే 1 ఈథర్ తాకట్టు చాలు, మధ్యవర్తి అక్కర్లేదు. అదే లెక్కని అమ్మినవాడి వైపు నుంచి చూడండి. 2,200 పైన పెరిగిందంతా వాడిది కాదు. పడితే మాత్రం నష్టం వాడిదే, దాన్లో 60 మాత్రమే తగ్గుతుంది. మా హాస్టల్లో "వడ్డీ" అంటున్నది ఈ 60నే.

కోడ్ కూడా తప్పు చేస్తుంది

మనిషిని నమ్మక్కర్లేదు అంటే దేన్నీ నమ్మక్కర్లేదని కాదు. 2020 ఆగస్టులో ఇదే ఓపిన్ మొదటి వెర్షన్‌లో సుమారు 3.7 లక్షల డాలర్లు దోచుకున్నారు. అవి పుట్ ఆప్షన్లు, అంటే స్ట్రైక్ ధరకి అమ్ముకునే హక్కు. వాడేవాడు ఈథర్ ఇచ్చి డాలర్లు తీసుకోవాలి. ఒకేసారి చాలా వాల్ట్‌ల మీద వాడినప్పుడు కోడ్‌లోని లూప్ ప్రతిసారీ "ఈథర్ వచ్చిందా?" అని చూసింది. కానీ ప్రతిసారీ లెక్కేసుకుంది మొదట పంపిన ఆ ఒక్క ఈథర్‌నే. ఒకసారి ఇచ్చి పలుసార్లు తీసుకున్నారు. ఫస్టియర్ ల్యాబ్‌లో మనకి మార్కులు పోయే రకం తప్పు అది. అక్కడ ఎవరెవరివో డబ్బులు పోయాయి.

ఒరాకిల్ తప్పు ధర చెప్పినా అంతే, కోడ్ దాన్నే నిజమనుకుంటుంది. పైగా మన దేశంలో క్రిప్టో లాభం మీద 30% పన్ను ఉంది. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు.

రూమ్‌మేట్‌కి ఏం చెప్పానంటే

కాల్ అమ్మొద్దని చెప్పలేదు. ఒక కాగితం ఇచ్చి, ధర సగమైతే నీ చేతిలో ఎంత, రెట్టింపైతే ఎంత, రెండూ రాయమన్నాను. రాశాడు. రెట్టింపు దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. "ఇది పెరుగుతుందనే కదరా కొన్నాను" అన్నాడు. ఇంకా అమ్మలేదు.

మొన్న సెలవుల్లో తాతయ్యని అడిగాను, ఆ ఎకరం విషయంలో బాధ లేదా అని. "సంతకం పెట్టిన రోజే నాకొచ్చేది 4 లక్షలని తెలుసు కదా, అది చాలనుకునే పెట్టాను" అన్నారు.

మీరు కూడా టోకెన్ అమ్మే ముందు ఆ ఒక్క అంకె వేసి చూసుకోండి.