బిడ్డ కాపుదల – తల్లి జీతము

వాక్యభాగములు: నిర్గమకాండము 2:1-10, లూకా 14:28



పల్లె విడిచి ఉప్పల్, నాచారములలో కాపురముండు మన కుటుంబములను దర్శించినప్పుడెల్ల మేము ఒకే ప్రశ్న వినుచున్నాము: "అయ్యగారూ, నా జీతములో దాదాపు సగము బిడ్డను చూచునామెకే పోవుచున్నది. పని మానుకొనమందురా?"

ఒకప్పుడు మేము తొందరపడి ఒక సహోదరితో "ఇంటనే ఉండుమమ్మా" అంటిమి. ఆరు నెలలు తిరుగకముందే ఆ యింటివారు అద్దెకు అప్పు చేసిరి. లెక్క చూడక సలహా చెప్పుట మా తప్పు. గోపురము కట్టువాడు ముందుగా ఖర్చు చూచుకొనునని ప్రభువే బోధించెను గదా.

కాబట్టి కూర్చుండి లెక్క చూతము. తల్లి జీతము నెలకు 15,000 రూపాయలనుకొందము. బిడ్డను చూచునామెకు 6,000, పనికి పోవుటవలన పెరుగు ఇతర ఖర్చులకు 2,000 తీసివేసిన 7,000 మిగులును. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ స్త్రీలకు టికెట్టు లేదు గనుక దారి ఖర్చు కొంత తగ్గినది.

ఈ లెక్కలో మూడు పొరపాట్లు జరుగుచుండును.

1. ఖర్చంతయు తల్లి జీతములోనే వ్రాయుట. బిడ్డ ఇద్దరికిని బిడ్డయే. ఆ 8,000లో సగము తండ్రి పేర వ్రాసినయెడల, ఆమె లెక్కలో 11,000 నిలుచును. ఇంటికి మిగులు మొత్తము మారదు గాని "నీ పని దండుగ" అను మాట మారును.

2. ఈ నెలనే చూచుట. మూడేండ్లు నిండిన బిడ్డను అంగన్‌వాడీలో చేర్చవచ్చును. అక్కడ ఉంచునది కొన్ని గంటలే అయినను భారము తగ్గును. విడిచిన పని మాత్రము అదే జీతమునకు తిరిగి దొరకుట కష్టము. భవిష్యనిధియు ఆగిపోవును.

3. చట్టమిచ్చినది అడుగకుండుట. యాభైమంది, అంతకు మించి పనివారున్న సంస్థ శిశుశాల ఏర్పరచవలెనని 2017లో ప్రసూతి చట్టమునకు సవరణ చేసిరి. తల్లి దినమునకు నాలుగుసార్లు బిడ్డను చూచిరావచ్చును. 2025 నవంబరులో అమలైన సామాజిక భద్రతా స్మృతియు దీనిని నిలిపినది. చిన్న షెడ్లలో పనిచేయువారికి ఇది అందదు. వారి భారము మరి యెక్కువ.

ఇక వాక్యము చూడుడి. మోషేను పెంచుటకు ఫరో కుమార్తె అతని స్వంత తల్లికే జీతమిచ్చెను. బిడ్డను సాకుట జీతమునకు తగిన పని. కాబట్టి ఇంటనుండు తల్లిని ఊరక కూర్చున్నదని అనరాదు. బిడ్డను చూచునామె కూలిని గీచి గీచి బేరమాడరాదు. ఆమెయు ఒక తల్లియే.

బిడ్డ రోగియైనను, నమ్మదగినవారు దొరకకపోయినను, తల్లియో తండ్రియో కొంతకాలము పని ఆపుట వివేకమే. అది భార్యాభర్తలు కలిసి తేల్చుకొనవలసిన మాట.

ఆలోచించుడి:
అ) మన యింట ఈ ఖర్చు ఎవరి జీతములో వ్రాయుచున్నాము?
ఆ) రూతు బిడ్డను ఒడిలో పెంచిన నయోమి వలె, పట్నములోని మనుమల యొద్ద కొన్ని నెలలుండగల అవ్వలు మన సంఘములో ఎవరు?