ఇంటికి పిట్టగోడ

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:33, 34, 1 కొరింథీయులకు 8వ అధ్యాయము



ఈ నెల పాఠమునకు మనము తీసికొనిన ఆజ్ఞ ఒకే వచనములో ఇమిడియున్నది. క్రొత్త ఇల్లు కట్టుకొనువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెను. పెట్టనియెడల, పైనుండి ఎవరైన పడి ప్రాణము విడిచినప్పుడు ఆ అపరాధము ఇంటివానిదగును. ఇశ్రాయేలు దేశములో మిద్దె అనగా ఎప్పుడో ఒకసారి ఎక్కు చోటు కాదు. రాహాబు అక్కడ జనుపకట్టె పేర్చియుండెను; పేతురు మధ్యాహ్నవేళ ప్రార్థనకు అక్కడికే ఎక్కెను. మన ఆర్మూరు తట్టువారికి దీనిని విప్పి చెప్ప పనిలేదు. సంక్రాంతి దాటిన పిమ్మట పసుపు త్రవ్వి, ఉడికించి, కొమ్ములు ఆరబోసికొను దినములలో కళ్లములమీదను మిద్దెలమీదను ఎంత సందడియో మనకు తెలియును. పెద్దలు పనిలో నుందురు. పిల్లలు అంచుదాక పోయి ఆడుదురు.

గమనింపుడి. ధర్మశాస్త్రము పిల్లవానితో, జాగ్రత్తగా నడువుమని చెప్పి ఊరకుండలేదు. ఇంటివానితో, గోడ కట్టుమని చెప్పెను. పడినవాని తప్పు ఎంత యను లెక్క తరువాతిది. మొదటి లెక్క ఇంటివానిది. ఈ భేదమును మనస్సున నుంచుకొని, యువకులను పొగాకునుండి తప్పించుటకు మన ప్రభుత్వము కట్టిన గోడలను కొన్ని చూచెదము. ఎక్కడ నిలిచినవో, ఎక్కడ మన చేతులతోనే వాటి రాళ్లు పెరికితిమో అదియు చూడక తప్పదు.

బైబిలులో పొగాకు మాట లేదు. ఉండుటకు వీలు లేదు. అది అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు ఓడలమీద మన దేశమునకు వచ్చి, 1600 ప్రాంతమున దక్కనులో వాడుకకు వచ్చెను. బీజాపూరునుండి అసద్ బేగ్ అను అధికారి దానిని అక్బరు దర్బారుకు కొనిపోయెను. అక్బరు కుమారుడైన జహంగీరు 1617లో పొగ త్రాగరాదని ఆజ్ఞ వేసెను. అంతకు ముందే, 1604లో, ఇంగ్లండు రాజైన జేమ్సు పొగాకును ఖండించుచు స్వయముగా ఒక చిన్న పుస్తకము వ్రాసెను. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలును ఈ రాజు పేరుతోనే పిలుచుదురు. ఇద్దరు చక్రవర్తులు చెప్పినను పొగ ఆగలేదు. దొరతనము వద్దనిన ఒక్క మాటతో ఇది పోవునని తలంచువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

అట్లయిన ఈ కాలపు ప్రభుత్వములు మరి యేమి చేయుచున్నవి? అవి త్రాగువాని మీదికంటె అమ్మువాని మీదను, పెద్దవానికంటె పిల్లవాని తట్టును దృష్టి పెట్టినవి. కారణమున్నది. 2019లో మన దేశపు బడిపిల్లలను గూర్చి జరిగిన పొగాకు సర్వేలో 13 మొదలు 15 ఏండ్ల విద్యార్థులలో నూటికి 8.5 మంది అప్పటికే ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండిరి. అంతకంటె మనస్సును కలచు లెక్క మరియొకటి. సిగరెట్టు త్రాగు పిల్లలలో నూటికి 38 మంది, బీడీ త్రాగువారిలో 47 మంది, నమలు పొగాకు వాడువారిలో 52 మంది తమ పదియవ పుట్టినదినము రాకమునుపే మొదలుపెట్టియుండిరి. పదేండ్లనగా మన సండేస్కూలులో కంఠతవాక్యములు అప్పగించు తరగతి! ఆ వయస్సున మెదడు ఇంకను ఎదుగుచుండును గనుక నికోటిన్ అందులో వేరు తన్నుకొనును. ముప్పదియవ ఏట మానుకొనలేక ఏడ్చువాడు తరచుగా పదునారవ ఏటికి ముందే చిక్కినవాడు.

ఇక చట్టములు. 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు బహిరంగ స్థలములలో పొగ త్రాగుటను ఆపవలెనని ఉత్తరువిచ్చెను. 2003లో పార్లమెంటు సిగరెట్లు మొదలగు పొగాకు వస్తువుల చట్టమును చేసెను. 2004లో మన దేశము ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పొగాకు ఒప్పందమునకు సమ్మతి తెలిపెను. 2008 అక్టోబరు 2న, గాంధీగారి జయంతినాడు, బహిరంగ స్థలములలో పొగ త్రాగరాదను కొత్త నిబంధనలు దేశమంతట అమలులోనికి వచ్చెను. పొట్లములమీద భయము పుట్టించు బొమ్మలు 2009 మే 31 నుండి కనబడుచున్నవి; 2016 ఏప్రిలు నుండి అవి పొట్లములో నూటికి 85 వంతులు నిండవలెనని నియమము.

ఆ 2003 చట్టములో మనకు మిక్కిలి అవసరమైనది ఆరవ సెక్షను. 18 ఏండ్లు నిండని వారికి పొగాకు అమ్మరాదు. ఏ విద్యాలయమునకైనను చుట్టు 100 గజములలోపల అమ్మరాదు. ఈ 100 గజములు ఎట్లు కొలువవలెనో నిబంధనలలో స్పష్టముగా నున్నది: ప్రహరీగోడ వెలుపలి అంచునుండి, నలుదిక్కుల, వలయముగా. దారి వెంబడి అడుగులు లెక్కించుట కాదు. మలుపు తిరిగి వెనుక వీధిలో డబ్బా పెట్టుకొని, నేను బడికి దూరమే యనుట చెల్లదు. 2011 నిబంధనల ప్రకారము 18 ఏండ్లలోపు పిల్లలు పొగాకును అమ్మరాదు, చేత పట్టి అందింపనైన రాదు. తండ్రి భోజనమునకు పోవుచు కొట్టుమీద కొడుకును కూర్చుండబెట్టుట మన పల్లెలలో మామూలే గదా! అదియు తప్పే.

ఈ ఆరవ సెక్షనును మీరినందుకు జరిమానా 200 రూపాయలకు మించదు. అంతే గనుక అందరు తేలికగా తీసికొందురు. కాని 2016 జనవరిలో అమలులోనికి వచ్చిన బాలన్యాయ చట్టపు 77వ సెక్షను అట్టిది కాదు. పిల్లవానికి పొగాకు వస్తువు ఇచ్చినవానికి ఏడేండ్ల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. అమ్మినవానికి అని మాత్రమే కాదు, ఇచ్చినవానికి. ఈ మాటయొద్దకు మరల వచ్చెదము.

2019లో కేంద్రము పొగలేని ఎలక్ట్రానిక్ సిగరెట్లను, అనగా బ్యాటరీతో నడచు ఆవిరి గొట్టములను, పూర్తిగా నిషేధించెను. 2024 ఫిబ్రవరిలో మన తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను మూయించు బిల్లును ఆమోదించెను. అదే సంవత్సరము మే 24 నుండి గుట్కాను, పొగాకు కలిసిన పాన్ మసాలాను తయారుచేయుట, నిలువచేయుట, అమ్ముట ఒక సంవత్సరము నిషేధింపబడినట్లు రాష్ట్ర ఆహార భద్రతాధికారి ఉత్తరువు వెలువడెను. గుట్కాను ఆహారపు చట్టము క్రింద నిషేధింతురు: తినుబండారములో పొగాకుగాని నికోటిన్‌గాని కలుపరాదని 2011 నాటి నిబంధన. వ్యాపారులు దీనికి ఉపాయము కనిపెట్టిరి. పాన్ మసాలా ఒక పొట్లములో, పొగాకు మరియొక పొట్లములో పెట్టి ప్రక్కప్రక్కనే వ్రేలాడదీసిరి. కొన్నవాడు అరచేతిలో రెంటిని కలుపుకొనును, గుట్కా తయారు. చట్టము చేయువారికంటె దానిని దాటువారు తెల్లవారుజామున ముందుగా లేచుదురు.

నిర్గమకాండములో గొయ్యి త్రవ్వి మూయక విడిచినవాని సంగతి యున్నది. అందులో ఎద్దుగాని గాడిదగాని పడిన నష్టము గొయ్యిగలవాడే ఇచ్చుకొనవలెను. ఎద్దు చూచి నడువవలసినది అని అతడు తప్పించుకొనలేడు. గుట్కాలోని వక్క, పొగాకు నోటి లోపలి పొరను గట్టిపరచి, నోరు తెరచుకొనకుండ చేయును. మూడు వ్రేళ్లు నిలువుగా నోట పెట్టుకొనలేని యువకుని చూచినవారు మనలోనే యున్నారు. ఆ పిమ్మట నోటి క్యాన్సరు. మన జిల్లాలో డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని ఆరంభించిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారిని, దానికి లక్ష రూపాయలిచ్చిన రాజా నర్సాగౌడుగారిని మన పెద్దలు తలచుకొనుచుండిరి. రోగము వచ్చిన పిమ్మట చేయు సేవ అట్టిది, దానిని తక్కువచేయము. ఈ రోగమైతే రాకముందే ఆపదగినది.

ఇప్పుడు బీడీల మాట. ఇది వ్రాయుటకు మాకు చేయి ఆడుట లేదు. నిజామాబాదు జిల్లాలో పసుపు ఎంతటి పేరుగలదో, బీడీ అంతటి విరివిగా నున్నది. మన సంఘములలో ఎన్ని ఇండ్ల బియ్యము బీడీల చాటనుండి వచ్చుచున్నదో లెక్కించినచో మన సువార్తకూటములలో సగము మంది స్త్రీలు లేచి నిలువవలసివచ్చును. తునికాకు తడిపి, కత్తిరించి, జర్దా పోసి, చుట్టి, దారము కట్టి, కట్టలు లెక్కించి కార్ఖానాలో అప్పగించి ఆ తల్లులు పిల్లలను చదివించిరి. 1966లో కేంద్రము బీడీ కార్మికుల రక్షణకు చట్టము చేసెను. 1986 చట్టము 14 ఏండ్లలోపు పిల్లలను బీడీల పనిలో పెట్టరాదనెను. తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి పెట్టి, 2019లో 2016 రూపాయలకు పెంచెను.

ఇందులో చిక్కును దాచి ప్రయోజనము లేదు. 2025 సెప్టెంబరులో జీ.ఎస్.టి. మండలి బీడీపై పన్నును 28 నుండి 18 శాతమునకు తగ్గించుటకు నిర్ణయించెను. చుట్టు చేతులకు పని నిలుచునని ఒక తట్టు సంతోషము. కాని పొగాకు వెల పెరిగినప్పుడే యువకులు ఎక్కువగా దూరముగా నుందురని లోకమంతట కనబడిన సంగతి. వెల తగ్గిన, పదునైదేండ్ల పిల్లవాని జేబుకు బీడీ అందును. తల్లి చాటలోని బీడీ కొడుకు పెదవికి చేరుట ఏ తల్లియు కోరదు. ఆమెను గద్దించుటకు మనకు నోరు లేదు. వేరొక పని చూపక, ఇది పాపము మానుమనుట మిద్దెమీదినుండి ఆమెనే త్రోయుట వంటిది. పసుపు బోర్డు 2025 జనవరిలో మన నిజామాబాదు కేంద్రముగా ఆరంభమైనది గదా. పసుపు పొడి, పొట్లములు కట్టు పని గ్రామ స్త్రీలకు దొరకినచో అది పొగాకు నివారణకు ఏ గోడబొమ్మకన్న మేలుచేయునని మా అభిప్రాయము.

ఏడేండ్ల శిక్ష మాటకు వచ్చెదము. మా సంఘములో ఒక పెద్దగారు, ప్రార్థనాపరులు, ఆరాధన ముగిసినవెంటనే మనుమని పిలిచి, పైసలు చేతిలో పెట్టి, బీడీకట్ట తెమ్మని పంపుచుండిరి. మిగిలిన చిల్లర చాక్లెట్టుకు. పిల్లవాడు ఉత్సాహముతో పరుగెత్తును. ఒకనాడు ఆ బాలుడు వంటచెరకు పుల్లను నోట పెట్టుకొని, తాతవలె పొగ ఊదుచు స్నేహితులను నవ్వించుచుండగా మేము చూచితిమి. తాతగారును చూచిరి. మేమేమియు అనలేదు. ఆయన ఆ సాయంకాలము మా యింటికి వచ్చి, "నేను మానలేనేమో గాని, వాణ్ణి మాత్రం ఇగ పంపను" అనిరి. మాంసము తన సహోదరునికి అడ్డమైనయెడల ఎన్నటికిని ముట్టనని పౌలు కొరింథువారికి వ్రాసెను. ఆయన చెప్పినది తిను హక్కు గలవానితో. పెద్దలకు పొగాకు కొను హక్కు చట్టములో నున్నది. పిల్లవాని చేత తెప్పించుకొను హక్కు లేదు. మానుటకు తోడు కోరువారికి ప్రభుత్వము 1800-11-2356 అను నంబరును ఉచితముగా పెట్టియున్నది. ఆ పెద్దగారికి మేమే ఫోను కలిపి ఇచ్చితిమి. ఇప్పుడు దినమునకు నాలుగు బీడీలు. మునుపు రెండు కట్టలు.

విద్యాలయముల చుట్టు 100 గజముల హద్దును పసుపుపచ్చని గీతతో గుర్తించవలెనని 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ సూచనలు పంపెను. మా యౌవనస్థుల కూటమువారు ఈ సంగతి విని, త్రాడు పట్టుకొని మా ఊరి బడి గోడనుండి కొలిచిరి. గీతలోపల మూడు కొట్లు. వాటిలో ఒకటి మన సంఘపు విధవరాలిది. భర్త పోయిన పిమ్మట ఆమెకు ఆ డబ్బాయే ఆధారము. మేము పోయి చెప్పగా ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "పెన్నులు, బిస్కట్లు అమ్మితె దినానికి ఎంతొస్తది అయ్యగారూ? నేనేం తిని బతకాలె?" అని అడిగెను. మాయొద్ద జవాబు లేదు. చట్టము ఆమెను ఈ ప్రశ్న అడుగదు, సంఘము అడిగించుకొనవలెను.

స్త్రీల సమాజమువారు తమ పెట్టెలోనుండి కొంత సొమ్ము అప్పుగా ఇచ్చి, కాగితములు, పుస్తకములు, అల్లము, వెల్లుల్లి తెప్పించిపెట్టిరి. వ్రేలాడు పొట్లముల దండలను ఆమె తానే తెంపి ఇచ్చెను. మూడు నెలలైనది. ఆదాయము మునుపటికంటె తక్కువ యని ఆమె దాచదు. తక్కిన రెండు కొట్లలో ఒకటి మానెను. మరియొకటి ఇంకను అమ్ముచున్నది. కొందరు పెద్ద తరగతి పిల్లలు సైకిళ్లమీద రోడ్డు దాటి, దూరపు డబ్బాలకు పోవుచున్నారని విన్నాము. గేటు ముందరి పసుపుగీత మొన్నటి వానలకు సగము చెరిగిపోయినది. ప్రధానోపాధ్యాయులవారి అనుమతి దొరికెను. రంగు డబ్బా, రెండు కుంచెలు కొని గుడి సామానుల గదిలో పెట్టియున్నారు. దసరా సెలవులలో మొదటి శనివారమున గీత మరల వేయుదురు.