సగం అంటే ఎంత? వంశధార చెప్పే పాఠం



"ఒకే నది రెండు దేశాల్లో పారుతుంటే నీళ్లు ఎలా పంచుకోవాలి?" అని ఈ నెల సోషల్ క్లాసులో అడిగాను. క్లాసంతా "చెరి సగం" అంది. ఒక పాప మాత్రం "ఎప్పుడు సగం టీచర్? వరదలప్పుడా, ఎండాకాలంలోనా?" అని అడిగింది. అసలు పాఠం ఆ ప్రశ్నలోనే ఉంది.

మన వంశధారనే చూడండి. ఒడిశాలో పుట్టి, మన కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దీని నీళ్లను చెరి సగం పంచుకోవాలని 1962 సెప్టెంబర్ 30న రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. గొట్టా దగ్గర 115 టీఎంసీల లెక్కన ఒక్కొక్కరికి 57.5 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు.

వాటా తేలింది గానీ తగువు తీరలేదు. మన వాటా వాడుకోవడానికి నేరడి దగ్గర బ్యారేజీ కావాలి. దానికి ఒడిశా వైపు భూమి కావాలి. తమ భూములు మునుగుతాయన్నది అక్కడివారి భయం. 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది. 2017 సెప్టెంబర్ 13న తీర్పు వచ్చింది: బ్యారేజీకి అనుమతి, అందుకు 106 ఎకరాలు, అమలు చూడటానికి ఒక కమిటీ. ఒప్పందం నుంచి తీర్పు దాకా 55 ఏళ్లు!

రాష్ట్రాలు తగువు పడితే కేంద్రం ట్రిబ్యునల్ వేస్తుంది. దేశాల మీద అలాంటి కేంద్రం ఉండదు. అందుకే ఒప్పందంలోనే అన్నీ రాసుకోవాలి. గంగా జలాలపై 1996లో భారత్, బంగ్లాదేశ్ 30 ఏళ్లకు చేసుకున్న ఒప్పందం అలాంటిదే. జనవరి నుంచి మే దాకా, పది రోజులకొకసారి, ఫరక్కా దగ్గర లెక్క చూస్తారు. ప్రవాహం 70,000 క్యూసెక్కులు, అంతకంటే తక్కువ ఉంటే చెరి సగం. ఎక్కువైతే వాటాలు మారతాయి. కొలవడానికి ఇరుదేశాల ఉమ్మడి కమిటీ ఉంటుంది.

ఈ ఆదివారం ఇంట్లో ఇలా చేయించండి. ఒకే కుళాయి, రెండు ఇళ్లు. మీ బాబునో పాపనో ఐదు వాక్యాల ఒప్పందం రాయమనండి. రాసేది ఇంగ్లిషులో, మీకు వివరించేది తెలుగులో. తప్పులు దిద్దకండి. మూడే ప్రశ్నలు అడగండి: ఎక్కడ కొలుస్తావు? ఎవరు కొలుస్తారు? నీళ్లు తగ్గితే ఏం చేస్తావు?

జవాబులు నోటుబుక్కులో రాసి పంపండి. క్లాసులో అందరం కలిసి చదువుకుంటాం.

మీ పిల్లల సోషల్ టీచర్