యంత్రంలో ఇంకో యంత్రం

ఈసారి నేను జావా గురించి రాస్తున్నాను. జావా అనగానే పొద్దున తాగే రాగిజావ అనుకుని గ్లాసులు తెచ్చుకోకండి! ఇది కంప్యూటర్‌కు పని చెప్పే భాష. ఇలాంటి వాటిని ప్రోగ్రామింగ్ భాషలు అంటారు.

కంప్యూటర్ లోపల చిప్పు ఉంటుంది. దానికి తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. అంకెలే తెలుసు. ఒక్కో అంకె ఒక్కో ఆజ్ఞ. పోనీ అన్ని చిప్పులదీ ఒకటే భాషా అంటే, కాదు. మామూలు కంప్యూటర్లలో ఉండే ఇంటెల్ చిప్పుకి 144 అంటే "ఏమీ చెయ్యకు, ముందుకు పో" అని అర్థం. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటర్‌లో 6502 అనే చిప్పు ఉండేది. దానికి అదే 144 అంటే "కూడికలో చేతికి ఏమీ మిగలకపోతే వేరే చోటికి గెంతు" అని అర్థం.

మన గదుల్లో కూడా ఇట్లాగే ఉంటుంది. మా కోయ భాషలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. మూడో తరగతి పాప ఒకతె రాత్రిపూట "ఏరు, ఏరు" అని ఏడిస్తే, తెలుగు అక్క ఒకామె వాగు దగ్గరికి పోతానంటోందని తలుపు గడియ పెట్టింది. పాపకేమో దాహం.

అందుకని ఒక చిప్పు అంకెల్లో ఉన్న ప్రోగ్రాం ఇంకో రకం చిప్పు మీద నడవదు. దీనికి ఒక ఉపాయం ఉంది. 1991లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో జేమ్స్ గాస్లింగ్, ఆయన తోటివాళ్ళు టీవీల్లాంటి ఇంటి సామాన్ల కోసం ఒక భాష మొదలుపెట్టారు. ముందు దాని పేరు ఓక్. అది ఒక చెట్టు పేరు. 1995లో జావా అనే పేరుతో బయటికి వచ్చింది.

జావాలో రాసింది ముందు బైట్‌కోడ్ అనే మధ్య భాషలోకి మారుతుంది. ఆ భాషలో మాట్లాడే యంత్రం ఒకటి ఉన్నట్టు అనుకున్నారు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు, అంటే ఊహా యంత్రం. ఇనుముతో చేసింది కాదు, అది కూడా ఒక ప్రోగ్రామే. ఒక్కో రకం కంప్యూటర్‌కు ఒక్కో వర్చువల్ మెషీన్ తయారుచేసి పెడతారు. అది బైట్‌కోడ్ చదివి, ఆ చిప్పుకి దాని భాషలో చెప్తుంది. సంతలో షావుకారికీ మా అవ్వకీ మధ్యన నిలబడి మాట అందించే మనిషి లాగా అన్నమాట.

ఒక్కో మాటా ఆగి చెప్తుంటే ఆలస్యం కాదా అని మీరు అడగొచ్చు. అవుతుంది. మొదట్లో జావా నెమ్మది అనేవారు. 1999లో హాట్‌స్పాట్ అనే వర్చువల్ మెషీన్ వచ్చింది. అది మాటిమాటికీ వచ్చే భాగాలను కనిపెట్టి, చిప్పు భాషలోకి మార్చి దాచుకుంటుంది. తర్వాత స్కాలా, కోట్లిన్ లాంటి వేరే భాషలు కూడా ఇదే బైట్‌కోడ్‌లోకి మారి నడుస్తున్నాయి.

నాకు ఇందులో బాగా నచ్చింది ఏంటంటే, చిప్పుకి జావా రాదని దాన్ని ఎవరూ మొద్దు అనలేదు. దాని భాషలో చెప్పే ఏర్పాటు చేశారు. మన చిన్న తరగతుల్లో తెలుగు వాచకం అర్థంగాక పలక పట్టుకుని ఊరికే కూర్చునే పిల్లలున్నారు. అదే లెక్క కోయలో చెప్తే టక్కున చేస్తారు, నేను చూశాను. అమ్మగారూ, రాత్రి స్టడీ అవర్‌లో మా పెద్దపిల్లలు కొందరిని అరగంట వాళ్ళ గదిలో కూర్చోనివ్వండి. మా చదువు పాడుచేసుకోము.

ఇక వర్చువల్ మెషీన్ లెక్క చేసే తీరు. మన మెస్సులో ప్లేట్ల దొంతర చూశారుగా, చివర పెట్టిన ప్లేటే ముందు తీస్తాం. ఇదీ అంతే. బైట్‌కోడ్‌లో 5 అంటే "దొంతర మీద 2 పెట్టు". 6 అంటే 3 పెట్టు, 7 అంటే 4 పెట్టు. 96 అంటే పై రెండూ తీసి, కూడి, వచ్చింది మళ్ళీ పెట్టు. 104 అంటే అట్లాగే గుణించి పెట్టు.

ఇప్పుడు 5, 6, 96, 7, 104 అని వరసగా ఇస్తే చివరికి దొంతర మీద ఎంత ఉంటుంది? చీటీ మీద రాసి ఈ కాగితం కింద అంటించండి. పేరు, తరగతి కూడా రాయండి. జవాబు వచ్చే నెల పత్రికలో.

— 9వ తరగతి విద్యార్థిని