తొండకు ఎండ ఎందుకు? గడ్డం తొండకు వెలుగు, వెచ్చదనం అమర్చడం



కుక్క, పిల్లి, కుందేలు వంటి పెంపుడు జంతువుల గురించి చిన్న తరగతుల్లో చదువుకున్నారు. ఈసారి నగరాల్లో కొందరు ముచ్చటపడి పెంచుకుంటున్న ఒక కొత్త ప్రాణి గురించి తెలుసుకుందాం. దాని పేరు బియర్డెడ్ డ్రాగన్. మెడ కింద ముళ్లలాంటి పొలుసులతో గడ్డంలా కనిపించే చర్మం ఉంటుంది కాబట్టి మన పాఠంలో దాన్ని ‘గడ్డం తొండ’ అని పిలుచుకుందాం.

దీన్ని పెంచడం చాలా తేలికనీ, ఒక గాజు పెట్టె, ఒక బల్బు ఉంటే సరిపోతుందనీ చాలామంది అనుకుంటారు. కానీ ఏ బల్బు, ఎంత వేడి, ఎంత దూరం అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలియని ఇంట్లో ఆ మూగజీవి నెలల తరబడి బాధపడుతుంది. దానికి ఆకలేస్తే మియావ్ అనదు, నొప్పి పుడితే కుయ్యిమనదు. అందుకే దాని అవసరం మనమే ముందుగా తెలుసుకోవాలి.

1. మన తొండకు దూరపు చుట్టం

గడ్డం తొండ సొంత ఊరు ఆస్ట్రేలియా ఖండం లోపలి పొడి ప్రాంతాలు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పొగోనా విట్టిసెప్స్. గ్రీకు భాషలో ‘పొగోన్’ అంటే గడ్డం. తోకతో కలిపి సుమారు అర మీటరు పొడవు పెరుగుతుంది.

మన ఊళ్లలో కంచెల మీద తల ఊపుతూ కనిపించే తొండ, ఈ గడ్డం తొండ ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబం పేరు ఆగమిడే. ‘తొండ ముదిరితే ఊసరవెల్లి’ అని మనకొక సామెత ఉంది. మాటకు అందమే కానీ, తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాలేదు. ఊసరవెల్లిది వేరే కుటుంబం. అయితే రంగు మార్చే విద్య తొండలకూ కొంత తెలుసు. గడ్డం తొండ చలిగా ఉన్నప్పుడు ఒళ్లు ముదురు రంగుకు మార్చుకుంటుంది. ముదురు రంగు ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది కదా! ఒళ్లు బాగా వేడెక్కాక లేత రంగుకు వస్తుంది. ఇంకా వేడైతే నోరు తెరుచుకుని కూర్చుంటుంది.

2. శీతల రక్తం అంటే చల్లని రక్తం కాదు

పాఠ్యపుస్తకంలో ‘శీతల రక్త జంతువులు’ అనే మాట చూసి వాటి రక్తం ఎప్పుడూ చల్లగా ఉంటుందనుకోకండి. మనం తిన్న అన్నంతో ఒంట్లోనే వేడి పుట్టించుకుని ఎల్లకాలం 37 డిగ్రీల దగ్గర నిలుపుకుంటాం. బల్లులకు, పాములకు ఆ ఏర్పాటు లేదు. అవి వేడిని బయటి నుంచి తెచ్చుకోవాలి. మనం మంట దగ్గర చలి కాచుకున్నట్టు అవి ఎండ కాచుకుంటాయి.

గడ్డం తొండ ఒళ్లు సుమారు 35 డిగ్రీలకు చేరితేనే చురుగ్గా కదులుతుంది, తిన్నది అరుగుతుంది. ఒళ్లు చల్లగా ఉంటే కడుపులో మేత అరగక నిలిచిపోతుంది. అంటే వెచ్చదనం దానికి సుఖం కోసం కాదు, జీర్ణం కోసం. తిండి పెట్టి వేడి ఇవ్వకపోవడం, పొయ్యి వెలిగించకుండా బియ్యం ఎసట్లో పోయడం లాంటిదే.

3. ఒక మూల ఎండ, ఒక మూల నీడ

పెట్టె అంతా ఒకే వేడి ఉండకూడదు. కావలసినప్పుడు ఎండలోకి, చాలనుకున్నప్పుడు నీడలోకి వెళ్లే వీలుండాలి. అందుకు పెట్టె పొడవుగా ఉండాలి. ఎదిగిన తొండకు కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు కావాలి.

• ఒక చివర పైనుంచి వేడినిచ్చే బల్బు పెట్టాలి. దాని కింద తొండ కూర్చునే రాయి లేదా కొమ్మ మీద వేడి 38 నుంచి 42 డిగ్రీలు ఉండాలి.
• రెండో చివర 24 నుంచి 27 డిగ్రీల దగ్గర ఉండాలి. దాక్కోవడానికి నీడ ఉండాలి.
• రాత్రి వెలుగు వద్దు. వేడి 18 డిగ్రీల కంటే తగ్గకపోతే చాలు. అంతకంటే చలి ఉంటే వెలుగివ్వని సెరామిక్ హీటర్ వాడాలి. రాత్రిపూట ఎర్ర బల్బు, నీలం బల్బు దాని నిద్ర చెడగొడతాయి.
• వేడినిచ్చే ప్రతి పరికరానికీ థర్మోస్టాట్ ఉండాలి. బల్బు చుట్టూ తీగ వల ఉండాలి.

కరెంటుతో వేడెక్కే రాళ్లు కొనకండి. ఎండ పైనుంచి వస్తుంది కాబట్టి పొట్ట కింద వేడి పెరిగినా తొండ సమయానికి పక్కకు జరగకపోవచ్చు. పొట్ట కాలిపోతుంది. అలాగే చేతితో తాకి ‘వెచ్చగానే ఉందిలే’ అనుకోవద్దు. తొండ కూర్చునే చోటే థర్మామీటరుతో కొలవాలి.

4. కంటికి కనిపించని వెలుగు

ఎండలో వేడి, వెలుగుతో పాటు మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. వాటిలో 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవాటిని యూవీ-బి అంటారు. అవి చర్మం మీద పడితే విటమిన్ డి3 తయారవుతుంది. తిన్న ఆహారంలోని కాల్షియం ఒంటికి పట్టాలంటే ఆ విటమిన్ కావాలి.

యూవీ-బి అందకపోతే తొండ తన ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించుకుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి, వెన్ను వంకర పోతుంది. పిల్లలకు వచ్చే రికెట్స్ వ్యాధికి ఇది అక్క లాంటిది. వంకర పోయిన ఎముక తర్వాత ఎన్ని మందులు వాడినా పూర్తిగా సరికాదు.

ఇక్కడ రెండు విషయాలు బాగా గుర్తుంచుకోవాలి. మొదటిది: మామూలు కిటికీ అద్దం యూవీ-బిని దాదాపు అంతా ఆపేస్తుంది. గాజు పెట్టెను కిటికీలో ఎండకు పెడితే కావలసిన కిరణాలు అందవు, లోపల మాత్రం ప్రాణం తీసేంత వేడి పుడుతుంది. రెండోది: ఇంట్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బు ఎంత ప్రకాశించినా యూవీ-బి ఇవ్వదు. అందుకోసం తయారుచేసిన టి-5 రకం ట్యూబు, పెట్టె పొడవులో సగానికి మించి ఉండేది, వేడి బల్బు పక్కనే అమర్చాలి. ఎంత ఎత్తున పెట్టాలో ఆ ట్యూబు పెట్టె మీద రాసి ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ కిరణాల బలం త్వరగా తగ్గిపోతుంది. ట్యూబు చూడటానికి వెలుగుతున్నా లోపలి యూవీ-బి నెలలు గడిచేకొద్దీ క్షీణిస్తుంది. కాబట్టి సుమారు ఏడాదికొకసారి మార్చాలి.

5. ద్వారకలో ఏడాది పొడవునా

మన ద్వారకలో మే, జూన్ నెలల్లో వేడి 45 డిగ్రీలకు చేరుకుంటుంది. జనవరి రాత్రులు 5 డిగ్రీల దగ్గరకు దిగుతాయి. కాబట్టి ఒకే అమరిక ఏడాదంతా పనికిరాదు.

వేసవిలో గదే 36, 37 డిగ్రీలుంటే తొండకు చల్లని మూల ఎక్కడ? అప్పుడు వేడి బల్బు ఆపి, గదిని చల్లబరచాలి. యూవీ-బి ట్యూబు మాత్రం వెలగాలి. వేడికి ఒకటి, యూవీ-బికి ఒకటి విడివిడిగా పెట్టమనడం అందుకే. కూలర్ గాలి తేమగా ఉంటుంది, పొడి నేల ప్రాణికి నేరుగా తగలనివ్వకూడదు. చలికాలంలో కరెంటు పోతే గాలి ఆడే సందు వదిలి పెట్టె చుట్టూ దుప్పటి కప్పాలి.

ఢిల్లీలో జూన్‌లో పగలు సుమారు 14 గంటలు, డిసెంబరు చివర పది గంటలకు కొంచెం ఎక్కువ. టైమరుతో దీపాలను కూడా దాదాపు అలాగే నడపవచ్చు. బాల్కనీలో నీరెండ చూపించాలంటే తీగ పంజరంలో, సగం నీడ ఉండేలా, పక్కన ఒకరు కూర్చుని చూపించాలి. ద్వారక ఆకాశంలో గద్దలకు కొదవ లేదు.

6. బదిలీ ఉత్తర్వు వస్తే

మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాట బదిలీ. గడ్డం తొండ బాగా చూసుకుంటే పదేళ్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ బతుకుతుంది. ఆరో తరగతిలో తెచ్చుకున్న ప్రాణి మీరు డిగ్రీ చదివేటప్పుడూ ఉంటుంది. ఈలోగా నాన్నగారికో అమ్మగారికో లేహ్ రావచ్చు, పోర్ట్ బ్లెయిర్ రావచ్చు. ఒకచోట గడ్డకట్టే చలి, ఇంకోచోట విడవని తేమ. సామాను లారీలో వెళ్తుంది, మరి తొండ? కొత్త క్వార్టర్‌లో మొదటి రోజే దాని దీపాలు వెలగాలి. ‘స్నేహితుడికి ఇచ్చేద్దాం’ అనడం తేలిక, కానీ ఆ స్నేహితుడికి ఈ పాఠమంతా తెలియాలి. పార్కులో వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. మొదటి చలికాలమే దాన్ని చంపేయవచ్చు.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన ఉడుమును, నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. 2022లో సవరించిన ఈ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ జంతువులు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. ఏ విదేశీ ప్రాణినైనా ఇంటికి తెచ్చే ముందు పెద్దలు అటవీ శాఖ వారిని అడగాలి. కాగితాలు లేని ప్రాణిని కొనవద్దు.

ఇన్నీ లెక్కవేసి ‘ఇప్పుడు వద్దు’ అనుకుంటే, అది కూడా ఆ ప్రాణి మీద ప్రేమే.

కొత్త మాటలు

నీరెండ – ఉదయం, సాయంత్రం వేళల్లో తగిలే లేత ఎండ
నులివెచ్చన – కొద్దిపాటి వెచ్చదనం
ఉక్కపోత – గాలి ఆడక, తేమతో చెమటపట్టే స్థితి
వడగాలి – వేసవిలో వీచే వేడిగాలి. ఢిల్లీలో దీన్నే ‘లూ’ అంటారు

చేసి చూడండి

మీ సెక్టారు పార్కులో ఒక తొండను దూరం నుంచి వారం రోజులు గమనించండి. సమయం, ఎండలో ఉందా నీడలో ఉందా, ఒంటి రంగు అనే మూడు గడులతో పట్టిక రాయండి. దాన్ని పట్టుకోవద్దు, రాళ్లు వేయవద్దు.

ఆలోచించి రాయండి

1. తొండలు డిసెంబరులో ఎందుకు అరుదుగా కనిపిస్తాయి?
2. గాజు పెట్టెను కిటికీలో పెట్టడం వల్ల కలిగే రెండు నష్టాలు ఏవి?
3. వేడికీ యూవీ-బికీ వేర్వేరు దీపాలు ఎందుకు ఉండాలి?
4. మీ నాన్నగారికి లేదా అమ్మగారికి రేపు బదిలీ అయితే, పెంపుడు ప్రాణి ప్రయాణానికి ఏమేం సిద్ధం చేస్తారు? పది వాక్యాలు రాయండి.