నీటికి లేని భేదం మనకెందుకు?

రాయచోటి వంటి మెట్ట ప్రాంతంలో నీటి విలువ తెలియనివారు లేరు. ఎదుటే నీళ్లుండగా ‘నీవు దిగరాదు’ అనిపించుకోవడం ఎంత బాధో మనకు అర్థం కావాలి.

2009లో అమెరికాలోని ఫిలడెల్ఫియా శివారులో ఒక ప్రైవేటు ఈతకొలను క్లబ్బు, రుసుము తీసుకున్న తరువాత కూడా, ఎక్కువగా నల్లజాతి, లాటినో పిల్లలున్న వేసవి శిబిరాన్ని మళ్లీ రానివ్వలేదు. రద్దీయే కారణమని క్లబ్బు చెప్పుకుంది. రంగు చూసే వెళ్లగొట్టారని పిల్లల పక్షంవారు ఆరోపించారు. 2010లో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. 2012లో రాజీ కుదిరి పిల్లలకు పరిహారం లభించింది.

అది దూరదేశపు మాట అనుకోకండి. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, దళితులు తాగే చెరువు నీటిని మురికి చేయవద్దన్నందుకు మొదలైన తగాదా ఆరుగురు దళితుల హత్యకు దారితీసింది.

మానవులంతా ఒకే స్త్రీపురుషుల సంతానమనీ, దైవభీతి తప్ప గొప్పతనానికి వేరే కొలత లేదనీ దివ్య ఖుర్ఆన్ (హుజురాత్: 13) బోధిస్తోంది. హజ్రత్ అబూజర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి ఎత్తిపొడిచినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు పోకడ మిగిలి ఉందని దైవప్రవక్త (సఅసం) మందలించారు. అంతటి సహచరునికే ఆ హెచ్చరిక తప్పలేదంటే మన సంగతేమిటి?

మస్జిదు హౌజులో అందరం ఒకే నీటితో వుజూ చేస్తాం. ఇంటికి వచ్చి పనిమనిషికి వేరే గ్లాసు పెడితే ఆ వుజూ మనకేం నేర్పినట్లు? ఈ రోజే మన వంటింట్లో చూసుకుందాం. అల్లాహ్ మన హృదయాలను అహంకారం నుండి కాపాడుగాక! ఆమీన్.